పక్క ప్లాటులో తీతువు గుడ్లు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామ ఆశీస్సులు.

అవిలాల దగ్గర మీ కొత్తింటికి పికిలిపిట్టలు, గోరింకలు వస్తున్నాయని, వాటికి ఏమేమి కొని పెట్టాలో చెప్పమని అడిగావు. ఏమీ కొనొద్దమ్మా. గింజలు అసలే వద్దు. మేడ మీద బియ్యం చల్లితే ముందు పావురాలు దిగుతాయి, ఆ తర్వాత అవే మిగులుతాయి. గింజలు తినే పిచ్చుక కూడా తన కూనలకు పురుగులే పెడుతుంది. అందుకే మొక్కలకు మందు కొట్టడం మానెయ్. మందారానికి పిండినల్లి పడితే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టు.

నీళ్లు మాత్రం పెట్టు. ఎండాకాలంలో తిరుపతి 40 డిగ్రీలు దాటుతుంది కదా. వెడల్పాటి మట్టి మూకుడులో వేలెడు లోతు నీళ్లు పోసి, నడుమ ఒక రాయి వెయ్. పిల్లి నక్కే కుండీల పక్కన పెట్టొద్దు. రోజూ కడిగి మార్చు, లేకపోతే దోమల్ని పెంచినట్టే.

నర్సరీవాడు తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క అంటగడతాడు. తీసుకోకు. ప్రహరీ వెంట గోరింట పెట్టు, చోటుంటే ఒక నేరేడు. మా గోరింట కంచెను ఓ వేసవిలో అందంగా ఉంటుందని కత్తిరించాను. లోపల పికిలి గూడు ఉందని కొమ్మలు పోయాకే కనబడింది. రెండు రోజుల్లో పిల్లి పని కానిచ్చేసింది. చేతిలో కత్తెరుంటే ముందు ఆకులు పక్కకు తీసి చూడు.

ఇక పక్క ప్లాటులో కంకర మీద నువ్వు చూసిన ఆ మచ్చల గుడ్లు నాలుగూ. అవి తీతువువి. అది గూడు కట్టదు, నేల మీదే పెడుతుంది. ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోయి అడుగు దూరంలో ఉన్నా కనబడవు. పొదగడానికి నాలుగు వారాల దాకా పడుతుంది. దగ్గరికెళ్లి ఫోన్‌తో ఫొటోలు తియ్యకు. నువ్వు నిలబడ్డంతసేపూ తల్లి లేచి తిరుగుతుంటే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. ప్లాటు ఆయనకు ఫోన్ చేసి జేసీబీని ఒక నెల ఆపమని అడుగు. మొహమాటపడకు, అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. కూనలు పుట్టిన కొన్ని గంటలకే నడిచి, సొంతంగా ఏరుకు తింటాయి. తల్లి లేదనుకుని ఇంట్లోకి తెచ్చి పెంచే పని పెట్టుకోకు.

రామచిలక పిల్లను పంజరంలో పెట్టి అమ్ముతామని వచ్చినవాణ్ని గేటు దగ్గరే పంపెయ్. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. పైగా అది మన రాష్ట్ర పక్షి.

తీతువు రాత్రిపూట అరిస్తే కీడని మీ అమ్మ టెన్షన్ పడుతుంటుంది. గుడ్ల దగ్గరికి కుక్క వచ్చిందని అరుస్తోందే తప్ప మనింటి జాతకం చెప్పడం లేదని నా మాటగా చెప్పు. వెంటనే లేచి ఆ కుక్కను తరుము.

మీ మామ