గ్యాస్ పేరుతో పర్మిషన్, మండేది కట్టెలు: కేసుకు గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మాది ఏలూరు. మా వెనక గోడ అవతల ఆస్పత్రుల, లాడ్జీల బట్టలు ఉతికే లాండ్రీ ఉంది. 2024 సంక్రాంతి తర్వాత అక్కడ గ్యాస్ బాయిలర్ పెట్టారు. అప్పటి నుంచి వేడి, వాసన. మొన్న దీపావళి అయిన వారం నుంచి ట్రాక్టర్లలో కట్టెలు కూడా దిగుతున్నాయి. డాబా మీద ఆరేసిన బట్టల నిండా మసి. మా అమ్మకు 68 ఏళ్లు, ఆస్తమా ఉంది. ఈ చలికాలంలో రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటుంది, చూడలేకపోతున్నాం. యజమానిని అడిగితే "మాది గ్యాస్ బాయిలర్, అన్ని పర్మిషన్లూ ఉన్నాయి" అంటాడు. కార్పొరేషన్‌కు ఫోన్ చేశాం, బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాం, లాభం లేదు. వీడియోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టాను. ఒక లాయరుగారు సివిల్ కోర్టులో స్టే తెద్దామంటున్నారు. రెండేళ్లు దాటింది కాబట్టి ఇక కేసు చెల్లదని ఇంకొకరు అంటున్నారు. మా తమ్ముడు రాత్రిపూట ఎక్కి పొగగొట్టంలో గోనె సంచులు కుక్కేస్తానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ కేసును నిలబెట్టే విషయాన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. దీపావళి తర్వాత కట్టెలు దిగుతున్నాయన్నదే ఆ విషయం. మిగతా ఉత్తరమంతా పక్కన పెట్టి ముందు దీని గురించి మాట్లాడుకుందాం.

గ్యాస్ సరిగ్గా మండితే బట్టల మీద మసి పడదు. దాని నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు కంటికి కనిపించవు. గాలి సరిపోకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, అదీ కనిపించదు, వాసన రాదు. మీ డాబా మీద పడుతున్నది కట్టెల మసి. గ్యాస్ బర్నర్ ఉన్న బాయిలర్‌లో కట్టెలు వేసి మండించడం కుదరదు. కాబట్టి లాండ్రీ యజమాని రెండో బాయిలర్ అయినా పెట్టి ఉండాలి, ఉన్నదాన్ని మార్చి అయినా ఉండాలి.

1981 నాటి వాయు కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద ఇలాంటి యూనిట్ నడపాలంటే కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్, అంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ ఉత్తర్వులో బాయిలర్ సామర్థ్యం, ఇంధనం, పొగగొట్టం ఎత్తు, వదలదగ్గ కాలుష్యం పరిమితి రాసి ఉంటాయి. అందులో గ్యాస్ అని ఉండి లోపల కట్టెలు మండుతుంటే, "అన్ని పర్మిషన్లూ ఉన్నాయి" అన్న ఆయన మాటే ఆయనకు ఎదురు సాక్ష్యం. పొగగొట్టం సంగతీ చూడండి. గంటకు 2 టన్నుల లోపు ఆవిరినిచ్చే బొగ్గు బాయిలర్‌కు కేంద్ర ప్రమాణాల ప్రకారం పక్క భవనం ఎత్తుకు 2.5 రెట్లు లేదా 9 మీటర్లు, ఏది ఎక్కువైతే అంత ఎత్తు పొగగొట్టం ఉండాలి. గ్యాస్ కోసం వేసిన చిన్న గొట్టంలోంచి కట్టెల పొగ వదిలితే అది మీ కిటికీల్లోకి రాక ఎక్కడికి పోతుంది?

ఆ కన్సెంట్ కాపీ మీరు ఇంతవరకు చూడలేదు. రెండేళ్లుగా బాధపడుతూ అసలు కాగితాన్ని అడగకపోవడం ఏమిటి? అదే చట్టం 51వ సెక్షన్ ప్రకారం మండలి కన్సెంట్ల రిజిస్టర్ నిర్వహించాలి. ఆ కాలుష్యం వల్ల ఇబ్బంది పడేవాళ్లెవరైనా పని వేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. ఈ వారమే మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి చూడండి. కాపీ కోసం 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఇక గడువు. ఇలాంటి పర్యావరణ వివాదాలు తేల్చేది జాతీయ హరిత ట్రిబ్యునల్. ఆ ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లో దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. "మొదట" అన్న మాట దగ్గరే చాలా కేసులు పోయాయి. పొగ రోజూ వస్తోంది కాబట్టి గడువూ రోజూ కొత్తగా మొదలవుతుందనుకుంటే పొరపాటు. గ్యాస్ బాయిలర్ మీద మీ ఫిర్యాదుకు కాలం ఎప్పుడో చెల్లింది, మీకు చెప్పినాయన అంతవరకు నిజమే చెప్పారు. కానీ ఇంధనం మార్చడం వేరే ఉల్లంఘన, దాని కారణం అక్టోబరు ఆఖరి వారంలో పుట్టింది. ఆ లెక్కన ఏప్రిల్ ఆఖరి వారం దాకా మీకు సమయం ఉంది. అదనపు 60 రోజుల మీద ఆశ పెట్టుకోకండి. దరఖాస్తులో పాత వాసన గొడవ కలపకండి. కలిపితే అవతలి లాయరు మొత్తం కేసు 2024 నాటిదని వాదిస్తాడు.

అమ్మగారి వైద్య ఖర్చులకు, ఆరోగ్యానికి జరిగిన నష్టానికి పరిహారం 15వ సెక్షన్ కిందికి వస్తుంది. దానికి 5 ఏళ్ల గడువుంది. కానీ ఆస్తమా ఆమెకు ముందే ఉంది. కట్టెలు మొదలయ్యాక జబ్బు ముదిరిందని చూపించే డిశ్చార్జి సమ్మరీలు, ప్రిస్క్రిప్షన్లు తేదీలవారీగా లేకపోతే పరిహారం అడిగీ లాభం లేదు. ఆస్పత్రి రికార్డుల విభాగం నుంచి ఇప్పుడే తెచ్చుకోండి.

సాక్ష్యం విషయంలో మీరు చేసిన అజాగ్రత్త చిన్నది కాదు. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. ఒరిజినల్ వీడియోలు తీసిన ఫోన్‌లోనే ఉంటే ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం) జత చేయాల్సి రావచ్చు. ట్రిబ్యునల్ సాక్ష్య చట్టం నియమాలకు కట్టుబడి ఉండదు, అయినా తేదీ తేలని వీడియోకు ఎక్కడా విలువ ఉండదు. ఫోన్లో చేసిన ఫిర్యాదు చేయనట్టే లెక్క. ట్రాక్టర్ నంబరు, కట్టెల గుట్ట, పొగగొట్టం ఒకే ఫ్రేములో వచ్చేలా మీ డాబా మీద నుంచే తీయండి, వాళ్ల ఆవరణలోకి అడుగు పెట్టకండి. ప్రైవేటు ల్యాబ్ వాళ్లను తెచ్చి గొట్టంలో పొగ కొలిపించాలన్న ఆలోచన కూడా వద్దు. వాయు కాలుష్య చట్టం 26వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి నోటీసు ఇచ్చి, సీలు వేసి తీసిన నమూనాకే కోర్టులో విలువ.

తమ్ముడి మాట వింటే భయమేసింది. ఆయన్ని ఈరోజే ఆపండి. పొగగొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తిరిగి గదిలో నిండుతుంది. రాత్రి షిఫ్టులో ఉండే కూలీలు అరవకుండానే ప్రాణాలు వదులుతారు. అప్పుడు కల్పబుల్ హోమిసైడ్ (శిక్షార్హమైన నరహత్య) కేసులో నిందితుడు లాండ్రీ యజమాని కాడు, మీ తమ్ముడే. ఆయనన్న ఆ మాటను ఇంకెవరికీ వాట్సాప్‌లో పంపకండి.

సివిల్ కోర్టు స్టే కూడా కుదరదు. ట్రిబ్యునల్ తేల్చదగ్గ విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని, ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇవ్వరాదని హరిత ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. అక్కడ వాయిదాలు తిరుగుతుండగానే ఏప్రిల్ వెళ్లిపోతుంది. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ పని బాయిలర్ పేలకుండా చూడటం, పొగ ఆయన పరిధి కాదు. అయితే బాయిలర్‌ను అనుమతి లేకుండా మార్చారని లేదా రిజిస్టర్ కాని కొత్తది పెట్టారని రాస్తే, 2025 నాటి కొత్త బాయిలర్ల చట్టం కింద ఆయన కదలక తప్పదు. ఆ కోణంలో ఒక ఉత్తరం రాయండి.

ముందుగా మండలి ప్రాంతీయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కట్టెలు మొదలైన తేదీ, ఫొటోలు, మండలి తనిఖీ చేసి నమూనా తీయాలన్న అభ్యర్థన అందులో ఉండాలి. నేరుగా ఇస్తే మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాయు కాలుష్య చట్టం 31ఎ సెక్షన్ కింద యూనిట్‌ను మూయించే, కరెంటు తీయించే అధికారం మండలికి ఉంది. మార్చి ఆఖరుకు కదలిక లేకపోతే ఇంకెవరి కోసమూ ఆగకుండా చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేయండి. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. మీరే స్వయంగా వాదించుకోవచ్చు, కానీ గడువు ఇంత దగ్గరగా ఉంది కాబట్టి లాయరును పెట్టుకోమనే చెబుతాను. లాండ్రీ యజమానితో పాటు మండలిని కూడా ప్రతివాదిగా చేర్చండి.