తోలుకు బెజ్జం కొట్టే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన సంచి ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. కుట్టు బాగా కుదిరింది. దాని మీద పెంబర్తి ఇత్తడి బిళ్ళలు పెట్టాలన్న ఆలోచన విని సంబరపడ్డాను. కానీ తొందరపడకు. బట్టకు గుచ్చిన సూది తీసేస్తే దారాలు మళ్ళీ దగ్గరికి జరుగుతాయి. తోలుకు బెజ్జం పడిందంటే పడినట్టే.

అందుకే ముందు బిళ్ళ సైజులో కాగితం కత్తిరించు. సంచిలో రోజూ మోసే సామానంతా పెట్టి, భుజానికి వేసుకుని అద్దం ముందు నిలబడి ఎక్కడ పెట్టాలో చూసుకో. బల్ల మీద నడిమధ్యన కనిపించిన చోటు బరువు పడగానే కిందికి జారుతుంది. మడత పడే చోట వద్దు. అంచుకు అర అంగుళమైనా లోపలికి ఉండాలి, లేకపోతే లాగినప్పుడు చీలుతుంది.

ఆరెతో, అదే తోలు కుట్టే మొనదేలిన సూదితో పొడవకు. ఆరె తోలును పక్కకు నెడుతుంది, చుట్టూ ఉబ్బి బిళ్ళ సరిగా ఆనదు. తోలును గుండ్రంగా కోసి తీసే పంచ్‌తో, బిళ్ళ వెనక బిగించడానికి ఉండే ముల్లు పట్టేంత బెజ్జమే కొట్టు. పెద్ద బిళ్ళకు ఒక్క ముల్లు చాలదు, గిర్రున తిరుగుతుంది. రెండు ముళ్ళు పెట్టించుకో.

పెంబర్తి పనిలో ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు కదా, లోపలంతా బోలు. పైన సుత్తి పడిందంటే హంస ముక్కు చప్పిడైపోతుంది. కాబట్టి సుత్తితో కొట్టి బిగించే రివెట్లు మానేసి వెనక మరతో బిగించే రకం చేయించు. మరకు ఒక చుక్క నెయిల్ పాలిష్ పెడితే నడకకు వదులు కాదు.

ఇక లోపలి వైపు. ఇరవై ఏళ్ళ కింద నేను చేసిన ఒక సంచిలో ముల్లు రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. లోపలి బట్ట ముందే కుట్టేశాను, తడిమి చూసుకోలేదు. కొన్నామె అందులో పట్టుచీర పెట్టుకుని బతుకమ్మకు పుట్టింటికి పోయింది. మడతల్లో జరీ పోగులు లేచి వచ్చాయి. ఆమె ఒక్క మాట అనలేదు, చీర విప్పి చూపించి వెళ్ళింది. ఆ పోగులు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. నువ్వు ముందు బిళ్ళలు బిగించు. మిగిలిన ముల్లు కత్తిరించి, కొనను ఆకురాయితో నున్నగా రాసి, పైన గుండ్రటి తోలు ముక్క అతికించు. వేలితో తడిమి చూశాకే బట్ట కుట్టు.

ఇత్తడిలో రాగి ఉంటుంది. తోలులోని కొవ్వు దానికి తగిలి ఆకుపచ్చ చిలుము పుడుతుంది. బిళ్ళ వెనక పలచగా క్లియర్ లక్కర్ పూసి ఆరనివ్వు. ఇనుప ముల్లు మాత్రం వద్దే వద్దు. నీది తంగేడు బెరడుతో పదును చేసిన తోలు, తడి తగిలితే ఇనుము చుట్టూ నల్లటి మరక పడుతుంది, ఎంత తుడిచినా పోదు. మెరుపు తగ్గిందని మీ అమ్మ బిందెలు తోమినట్టు చింతపండు పెట్టకు, పొడిబట్ట చాలు.

మొదటి బిళ్ళను మిగిలిన తోలు ముక్కకు బిగించి, వారం రోజులు నీ పాత సంచిలో వేసుకుని తిరుగు. వదులైతే అక్కడే తెలుస్తుంది. పంచ్ కొనకు. మీ తాత వాడినవి నా దగ్గరే ఉన్నాయి. రెండు మిల్లీమీటర్లది ఇంకా పదునుగానే ఉంది, ఆదివారం వచ్చి తీసుకుపో.

మీ పెద్దబాపు