చెరువు బాగుచేస్తే కప్పలు నిలుస్తాయా? మా ఊరి అనుభవం

విజయనగరం జిల్లాలోని మీ ఊరి చుట్టూ లేఅవుట్లు పెరుగుతున్నాయని, ఏటికేడాది కప్పల అరుపు తగ్గిపోతోందని, పంచాయతీ చేత చెరువును బాగుచేయిస్తే సరిపోతుందా లేక వేరే ప్రణాళిక కావాలా అని మీరు అడిగారు. చెరువు ఒక్కటీ సరిపోదు. బాగుచేయడం పేరుతో మేము చేసిన పనే కప్పలకు ముప్పు కావడం మా ఊళ్లో కళ్లారా చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను చీపురుపల్లి వైపు ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా ఊరికి ఒక పెద్ద చెరువు, దాని అలుగుకు దిగువన ఒక బంద (చిన్న చెరువు), ఆ రెండింటి నడుమ వానాకాలంలో మాత్రమే నీరు నిలిచే నాలుగైదు గుంటలు ఉండేవి. వేసవిలో చూసినవారికి ఆ గుంటలు పశువులు తిరిగే బీడు భూమిలాగే కనిపించేవి. మొదటి గట్టి వాన పడిన రాత్రి మాత్రం అక్కడ నిలబడితే పక్కవాడి మాట వినబడేది కాదు. మగ బోదురు కప్పలు పసుపు పూసుకున్నట్టు మెరిసే రంగుకు మారి, గొంతుకు రెండు పక్కలా నీలపు సంచులు ఉబ్బించి అరిచేవి.

కొన్నేళ్ల క్రితం చెరువులో పూడిక తీయించి, గట్టు కోసుకుపోకుండా లోపలివైపు రివిట్‌మెంట్, అంటే రాతికట్టు, కట్టించి, తీసిన మట్టిని దగ్గరలో ఉన్నాయి కదా అని ఆ గుంటల్లోనే పోయించాము. గ్రామసభలో ఆ తీర్మానానికి నేనూ చేయెత్తాను. తర్వాత చెరువును చేపల పెంపకానికి వేలం వేశారు. మరుసటి తొలకరికి నేను టార్చిలైటు పట్టుకొని చెరువు చుట్టూ తిరిగితే ఆ రాతికట్టు అంచున ఒక్కచోట కూడా కప్ప గుడ్లు కనిపించలేదు. పూడ్చిన గుంటల మీద ట్రాక్టరు చక్రాల గాడిలో నిలిచిన జానెడు నీటిలో మాత్రం గోదురు కప్ప (ఒంటి నిండా బొడిపెలుండే కప్ప, బోదురు కప్ప వేరు) గుడ్లు కనిపించాయి. సన్నని జిగురు దారానికి నల్లపూసలు గుచ్చినట్టు అవి గాడి పొడవునా పరుచుకొని ఉన్నాయి. నాలుగో రోజు ఎండకు ఆ నీరు ఇంకిపోయింది, దారాలు బురదకు అంటుకొని ఎండిపోయాయి. అప్పుడు గాని మేము ఏమి పూడ్చామో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఏడాది పొడవునా నీరుండే చెరువులో చేపలుంటాయి, అవి గుడ్లనూ, గుడ్ల నుంచి వచ్చే తోకకప్పలనూ తినేస్తాయి. అందుకే మన ప్రాంతపు కప్పల్లో చాలా జాతులు ఎండాకాలంలో పూర్తిగా ఎండి, వానకు నిండే లోతులేని నీటినే గుడ్లు పెట్టడానికి ఎంచుకుంటాయి. తోకకప్ప కాళ్లు మొలిచి గట్టెక్కేదాకా, అంటే జాతిని బట్టి కొన్ని వారాల నుంచి రెండు నెలల వరకు, ఆ నీరు నిలిస్తే వాటికి చాలు. దోమల నివారణకని గంబూసియా చేపలను ఇలాంటి గుంటల్లో వదిలితే ఆ కాస్త అవకాశమూ పోతుంది. వరి నారుమళ్లలో చల్లిన గుళికల మందు వాన నీటితో గుంటలోకి దిగితే కలిగే నష్టం కూడా తక్కువది కాదు, ఎందుకంటే కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది, నీటిని చర్మం ద్వారానే పీల్చుకుంటుంది.

ప్రణాళికలో అందరూ మరిచిపోయేది గుంట చుట్టూ ఉండే నేల. గుడ్లు పెట్టే కొద్ది రోజులు తప్ప మిగిలిన కాలమంతా చాలా కప్పలు పొలం గట్లలో, పొదల్లో, తోటల్లో, కొన్నయితే మట్టిలో బొరియ చేసుకొని గడుపుతాయి. ఉభయచరాలు నీటి అంచు నుంచి ఎంత దూరం నేలను వాడుకుంటాయన్న దానిపై విదేశాల్లో జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2003లో ప్రచురించిన ఒక వ్యాసం, సగటున 159 నుంచి 290 మీటర్ల నేల వాటికి అవసరమని తేల్చింది. అక్కడి జాతులు వేరు కాబట్టి ఆ అంకెలను యథాతథంగా ఇక్కడికి తేలేము గాని, గుంట చుట్టూ పది అడుగులు వదిలి ప్రహరీ కడితే సరిపోతుందని వాదించేవారికి జవాబు చెప్పడానికి అవి పనికొస్తాయి. గుంటకూ తోటకూ మధ్య ఎత్తైన సిమెంటు కాలువో వాహనాలు తిరిగే రోడ్డో పడితే, రెండు పక్కలా స్థలం మిగిలినా కప్పకు దారి మిగలదు. రోడ్డు తప్పనిసరి అయితే పల్లపు చోట్ల తూములు వేసి, వాటి అడుగున మట్టి ఉండేలా, కప్పలను తూము వైపు మళ్లించే చిన్న అడ్డుగోడ ఉండేలా ముందే అడగాలి, తారు పడ్డాక ఎవరూ తవ్వరు.

కాబట్టి మీ మొదటి పని పటం గీయడం. తొలకరికి ముందే గ్రామ నక్ష సంపాదించి, మొదటి గట్టి వాన పడిన రాత్రి ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య ఇద్దరు ముగ్గురు కలిసి తిరగండి. ఏ గుంటలో అరుపు వినిపించిందో, అది ఏ సర్వే నంబరులోకి వస్తుందో గుర్తించండి, రెండు వారాల తర్వాత పగటిపూట వెళ్లి తోకకప్పలు ఉన్నాయో లేదో చూడండి. వేసవిలో చేసే సర్వేలో ఈ గుంటలు బంజరుగా నమోదవుతాయి, లేఅవుట్‌లో ముందుగా పూడేవి కూడా అవే.

చట్టం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల నిర్వచనంలోకి వరి పొలాలు, సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులు రావు, కనుక ఆ ఒక్క నిబంధన మీద ఆధారపడకండి. గుంట పోరంబోకు భూమి అయితే మీ చేతిలో బలమైన ఆధారం ఉన్నట్టే. ఒక గ్రామ చెరువు ఆక్రమణ కేసులో సుప్రీంకోర్టు 2011లో తీర్పిస్తూ, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు సిద్ధం చేయాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి, మీ పటాన్ని అందులో చేర్పించండి. గుంట ప్రైవేటు భూమిలో ఉంటే, లేఅవుట్‌లో ఎలాగూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని ఆ గుంటను ఆనుకొని చూపించమని యజమానిని ఒప్పించడం మంచి మార్గం. మా దగ్గర ఒకాయన ఒప్పుకున్నారు, మరొకాయన ఒప్పుకోలేదు.

ఇదంతా మామూలు కప్పల కోసమే కదా అని కొందరు అంటారు. 2023లో వెలువడిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం ఉభయచర జాతుల్లో సుమారు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. మన తూర్పు కనుమల నుంచి, చూడటానికి వానపాములా ఉండే కాళ్లులేని ఉభయచరం ఒకటి కొత్త జాతిగా 2013లో గాని శాస్త్రలోకానికి పరిచయం కాలేదు. మన నేలలో ఏమున్నదో పూర్తిగా తెలియకముందే దాన్ని చదును చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

పక్క ఊరి నుంచి బకెట్లతో కప్పలు తెచ్చి వదలాలన్న ఆలోచన మాకూ వచ్చింది. వాటితో పాటు చర్మానికి సోకే శిలీంధ్ర వ్యాధులు కూడా రావచ్చని తెలిసి మానుకున్నాము. దానికి బదులు దేవుడి మాన్యంలో మోకాలి లోతున, అంచులు పళ్లెంలా ఏటవాలుగా ఉండేలా రెండు గుంటలు తవ్వించి, వేసవిలో ఎండిపోనిచ్చాము, చేపలు వదలనివ్వలేదు. రెండో వానాకాలంలో నీటి మీదికి వంగిన తుంగ మీద, గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన లాంటి నురుగు గూళ్లు మూడు కనిపించాయి, అవి చెట్టు కప్పవి. బోదురు కప్పల అరుపు మాత్రం మా గుంటల్లో ఇంకా వినబడలేదు. బందకు అవతలి గట్టున రెండు అరిచాయని ఒక పశువుల కాపరి చెప్పిన మీదట, ఆ గట్టుకూ మా గుంటలకూ మధ్యనున్న మట్టి బాటకు సిమెంటు వేయవద్దని ఈ ఏడు పంచాయతీకి అర్జీ పెట్టాము.