ఇరవై ఏళ్ళ సీసా కొనేముందు

అల్లుడూ,

నువ్వు మొదటి బోనస్ పెట్టి 23 ఏళ్ళ బర్బన్ (అమెరికా విస్కీ) సీసా ఒకటి కొంటున్నావట, 1,800 డాలర్లట. "ఏదో పాత సీసా అంటున్నాడురా, ఇక్కడ పాత సీసాలు కిలోల్లెక్కన పోతాయి కదా" అంది అక్క. నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక భయమూ వేసింది.

లేబుల్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. బర్బన్ అంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా. మీద వేసిన వయసు అందులో కలిపినవాటిలో చిన్నదానిది. సీసాలోకి దిగాక వయసు పెరగదు. సీసాని నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే బిరడా పాడవుతుంది.

ఇక నా తెలివి సంగతి విను. 2011లో ఇక్కడ కెంటకీలోని లూయీవిల్‌లో ఇల్లు కొన్న ఊపులో, అంకె చూసి 21 ఏళ్ళ సీసా 900 డాలర్లకి తెచ్చాను. రుచి చూడలేదు. మరుసటి వారం స్నేహితుల్ని పిలిచి పోశాను. అందరూ "ఆహా" అన్నారు, నేనూ అన్నాను. పక్కింటి పెద్దాయన మాత్రం ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళు బర్బన్ గోదాముల్లో పీపాలు దొర్లించిన మనిషి. నాలుగు చుక్కలు నీళ్ళు వేసుకుని మళ్ళీ తాగి, "ఇది పై అంతస్తుది అయ్యుంటుంది" అన్నాడు. అప్పుడు నిజాయితీగా తాగి చూశాను. పచ్చి వక్క నమిలినట్టు నాలుక వగరెక్కిపోయింది. బెల్లప్పాకం వాసన లేదు, వెనిల్లా లేదు, అంతా చెక్కే.

కెంటకీ ఎండకి గోదాము పై అంతస్తులు ఉడికిపోతాయట. వేసవిలో సరుకు చెక్కలోకి ఇంకుతుంది, చలికి బయటికొస్తుంది. స్కాచ్‌కి చాలావరకు అంతకుముందు ఒకసారి వాడిన పీపాలు, చల్లటి ఊరు, అందుకని ఎక్కువ ఏళ్ళు ఓర్చుకుంటుంది. ఇక్కడ పీపా కొత్తది, ఇచ్చేదంతా గబగబా ఇచ్చేస్తుంది. పైగా ఏటా కొంత ఆవిరైపోతుంది, ఇరవై ఏళ్ళకి సగం పీపా కూడా మిగలదు. ధరలో కొంత ఆ ఆవిరికే, రుచికి కాదు. ఆ 900 తలుచుకుంటే మీ అత్తయ్య ఇప్పటికీ నా వంక అదోలా చూస్తుంది.

సీసాలో పాతిక ఔన్సులు, అంటే ఔన్సు 72 డాలర్లు. ముందు బార్‌లో ఒక్క ఔన్సు కొనుక్కో, బార్ వాడు ఎక్కువ తీసుకున్నా సరే. పది నిమిషాలు గ్లాసులో వదిలెయ్. నోరు కొంచెం తెరిచి వాసన చూడు. మొదటి గుక్క నాలుకని లేపడానికే, లెక్కలోకి రాదు. రెండో గుక్క మింగాక ఏం మిగిలిందో చూడు. వగరే మిగిలితే లేచి వచ్చెయ్.

పార్కింగ్ లాట్‌లో ఎవడో అమ్ముతున్నాడని మాత్రం వెళ్ళకు. ఖాళీ సీసాలు కొని నింపి అమ్మేవాళ్ళున్నారు. 2018 నుంచి కెంటకీలో లైసెన్స్ ఉన్న షాపులు పాత సీసాలు జనం దగ్గర కొని అమ్మొచ్చు. అక్కడ అడుగు.

ఒక్క ఔన్సే కదా అని కారు తాళాలు ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆ రాత్రి స్కూటర్ తీస్తూ మీ తాతయ్య కూడా "కొంచెమేలే" అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, ఆపలేదు.

శనివారం లెక్సింగ్టన్‌కి నేనే వచ్చి తీసుకెళ్తాను. మా ఇంట్లో 12 ఏళ్ళది సగం సీసా ఉంది, రాత్రికి ఇక్కడే పడుకుందువుగాని. అత్తయ్య పులిహోర చేస్తానంది.

మీ మామయ్య