కిటికీలు మార్చే ముందు గాలి లెక్క తేల్చుకోండి

ప్రశ్న: బోస్టన్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. హీటర్ రోజంతా తిరుగుతున్నా కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి. గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. కిటికీలన్నీ మార్చేయమంటున్నారు. మార్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. కిటికీలు అమ్మేవాళ్లు కిటికీలే మార్చమంటారు మరి! ముందు ఇంట్లో గాలి ఎంత లీకవుతోందో తేల్చే బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించండి. వీధి గుమ్మానికి ఫ్యాన్ బిగించి, లోపలి ఒత్తిడి బయటికన్నా 50 పాస్కల్స్ తగ్గేదాకా ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. ఆ సమయంలో ఇల్లంతా తిరగండి. స్విచ్‌బోర్డు దగ్గర చెయ్యి పెట్టినా చల్లగాలి తగలొచ్చు.

నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగాల్సి వచ్చిందో రిపోర్టులో ఉంటుంది. దాన్ని 60తో గుణించి, ఇంటి ఘనపరిమాణంతో భాగించండి. 2,000 చదరపు అడుగుల ఇల్లు, 8 అడుగుల ఎత్తు అనుకుంటే 16,000 ఘనపుటడుగులు. రిపోర్టులో 2,400 ఉంటే లెక్క 9కి తేలుతుంది. అంటే ఆ ఒత్తిడిలో గంటకు 9 సార్లు ఇంట్లో గాలంతా మారుతోందన్నమాట. మామూలు రోజుల సంగతి కావాలంటే ఆ 9ని 20తో భాగిస్తారు, అది మోటు లెక్కే. చలి ప్రాంతాల కొత్త ఇళ్లకి 2012 మోడల్ కోడ్ (ఇళ్ల నిర్మాణానికి నమూనా నియమావళి) పెట్టిన హద్దు, అదే 50 పాస్కల్స్ దగ్గర, 3. అతి తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండేలా కట్టే పాసివ్ హౌస్‌కైతే 0.6.

పాత ఇళ్లలో పెద్ద లీకులు తరచూ అటక తలుపు దగ్గర, సీలింగ్‌లో దించిన లైట్ల చుట్టూ, బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చెక్క కూర్చునే చోట ఉంటాయి. వేడిగాలి పైనుంచి జారుకుంటుంటే కిందినుంచి చలిగాలి దూరుతుంది. మీ కాళ్ల బాధ బహుశా అదే.

మాస్ సేవ్ (మీ మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇంధనం ఆదా చేయించే పథకం) వాళ్ల ఎనర్జీ పరిశీలనకి ఫీజు ఉండదు. అందులో ఈ టెస్ట్ ఉంటుందో లేదో ముందే అడగండి. మీ ఊరి కరెంటు మునిసిపాలిటీదైతే అది మీకు వర్తించకపోవచ్చు. ఈలోగా గాలి వీచే రోజు హీటర్ ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, వెలిగించిన అగరుబత్తి అంచుల వెంట తిప్పండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సందున్నట్టే. కర్టెన్లు జాగ్రత్త!

సందులు మూశాక మన పోపు ఘాటు ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది. పొగని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదిలే పొయ్యి పైని హుడ్ చాలదు, బయటికి పంపేది కావాలి. గ్యాస్ వాటర్ హీటర్ పొగ ఇంట్లోకి వెనక్కి తన్నకుండా చూడమని సందులు మూసేవాళ్లకి చెప్పండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. అటకలో వేడి నిలవడానికి పోసిన, గులకల్లాంటి వర్మిక్యులైట్ కనిపిస్తే అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అది తేలేదాకా టెస్ట్ ఫ్యాన్ వేయనివ్వకండి.