కీళ్లవాతం మందులు ఆపే ముందు నొప్పి మాత్రల సంగతి చూడండి

మీ అమ్మగారికి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.7 వచ్చిందని, కీళ్లవాతం మందులన్నీ ఆపేయాలా అని అడిగారు. మా పెద్దమ్మకూ ఇలాగే అయింది కాబట్టి రాస్తున్నాను.

మీ అంతట మీరు అన్నీ ఆపొద్దండి. ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్ర ఉంటే ఒక్కసారిగా మానేయడం చాలా ప్రమాదం. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఉంటే మాత్రం, ఈ వారం వేసే ముందే డాక్టరుకు రిపోర్టు చూపించండి. వారానికోసారి వేసే ఆ చిన్న డోసు కిడ్నీలను దెబ్బతీయడం అరుదే. కానీ అది ఒంట్లోంచి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. అవి మందగిస్తే మందు లోపలే నిలిచి నోట్లో పుండ్లు, రక్తకణాలు పడిపోవడం దాకా వస్తుంది.

మా పెద్దమ్మకు అసలు దెబ్బ నొప్పి మాత్రలతో తగిలింది. కళ్యాణదుర్గం దగ్గర పల్లె వాళ్లది. శనక్కాయలు పెరికే రోజుల్లో వేళ్లు వాచి పిడికిలి పడేది కాదు. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్కలు కొంగున కట్టుకుని చేనుకు పోయేది. వాటి మీద మందు పేరు కూడా సరిగా కనపడేది కాదు. ఎండాకాలానికి రెండు పూటలా మింగడం మొదలైంది. ఆ మోకాళ్లతో మాటిమాటికీ లేచి బయటికి పోలేక నీళ్లు తాగడమే తగ్గించేసింది. పైగా బీపీకి టెల్మిసార్టాన్.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను బిగిస్తాయి, చెరువు తూము సగం మూసినట్టు. నీళ్లు తక్కువై, బీపీ మాత్ర, మూత్రం మాత్ర కూడా తోడైతే కిడ్నీ తట్టుకోలేదు. నొప్పేమీ ఉండదు కాబట్టి తెలియదు. పెద్దమ్మకు పాదాలు వాచాకే పరీక్ష చేయించారు. నొప్పి మాత్రలు మాన్పించాక క్రియాటినిన్ చాలావరకు దిగింది, పూర్తిగా మునుపటిలా కాలేదు. మెథోట్రెక్సేట్ కొన్నాళ్లు ఆపి, తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు.

అమ్మగారు వేసుకునేవన్నీ, నాటుమందు పొడులతో సహా, ఒక కవర్లో వేసుకుని పోండి. పాత క్రియాటినిన్ రిపోర్టులుంటే తీసుకెళ్లండి, ఇది కొత్తగా పెరిగిందా ముందునుంచే ఉందా అన్నది వాటితో తెలుస్తుంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష అడగండి. షుగరు, బీపీ, ఒక్కోసారి కీళ్లవాతం కూడా కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఈలోగా మూత్రం బాగా తగ్గినా, మొహం ఉబ్బినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదేరోజు అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.