పాత టార్గెట్ పిస్టల్స్ కలెక్ట్ చెయ్యాలంటే ఎంత డబ్బు కావాలి, ఎక్కడ దొరుకుతాయి?

డబ్బు సంగతి పక్కన పెట్టండి, ముందు ఒక మంచి భూతద్దం కొనుక్కోండి. పిస్టల్ కొనడం కన్నా దాని మీద ఏముందో చదవడం కష్టం, మనవాళ్ళు చదవకుండానే కొంటారు, కొన్నాక చేసే మొదటి పని తీసుకెళ్ళి బఫింగ్ కొట్టించి నికెల్ పూత వేయించడం, అక్కడితో దాని చరిత్ర గోవిందా. వైజాగ్‌లో ఇలా పాడైపోయినవి నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

లైసెన్స్ గొడవ ముందే చెప్పేస్తా. .22 పిస్టల్, అంటే 0.22 అంగుళాల బోరుతో మందు తూటా పేల్చేది, ఏదైనా, హేమర్లీ కంపెనీది అవనీ వాల్తర్‌ది అవనీ, లైసెన్స్ ఉండాల్సిందే, 2019 చివర్లో చట్టం మార్చాక మనిషికి మూడు ఉండేవి రెండుకి తగ్గాయి, రెండింటితో కలెక్షన్ ఏం చేస్తాం? పైగా 1980ల మధ్య నుంచి మామూలు జనం బయట దేశాల నుంచి తుపాకీలు తెచ్చుకోవడం ఆగిపోయింది కాబట్టి ఇక్కడున్న పాతవే చేతులు మారుతుంటాయి, రేట్లు వింటే కళ్ళు తిరుగుతాయి. తాతల నాటి .22 ఏదైనా ఇంట్లో బయటపడితే దాచుకోకండి, పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి ఆ తర్వాత కాగితాలు చూసుకోండి.

అందుకే నేను అందరికీ చెప్పేది పాత టార్గెట్ ఎయిర్ పిస్టల్స్‌తో మొదలెట్టమని. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు అయితే లైసెన్స్ అక్కర్లేదు, పాత టార్గెట్ ఎయిర్ పిస్టల్స్ ఆ దరిదాపులకి కూడా రావు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1988 సియోల్‌లో, కానీ అసలు పనితనం అంతకుముందు ఇరవై ముప్ఫై ఏళ్ళలోనే ఉందని నా గట్టి నమ్మకం. ఇప్పటివన్నీ కంప్రెస్డ్ ఎయిర్, సిలిండర్ బిగించి కాల్చడమే. అప్పట్లో లోపల స్ప్రింగ్ కదిలితే చెయ్యి కదలకూడదు, ఆ సమస్యని ఒక్కో కంపెనీ ఒక్కోలా తేల్చింది. 1965లో వచ్చిన జర్మన్ పిస్టల్ ఫైన్‌వెర్క్‌బావ్ 65లో ట్రిగ్గర్ నొక్కగానే పై భాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారి రికాయిల్‌ని, అంటే పేలినప్పుడు వచ్చే కుదుపుని మింగేస్తుంది. డయానా అనే జర్మన్ కంపెనీ వాళ్ళు మోడల్ 6లో రెండు పిస్టన్లు పెట్టి ఒకదానికొకటి ఎదురు దిశలో పరిగెత్తించారు, మధ్యలో పళ్ళ చక్రం, దాంతో చేతికి కుదుపే తెలీదు.

ఆ డయానా గురించే చెప్పాలి. మహారాణిపేటలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు, మర్చంట్ నేవీలో ఇంజినీర్‌గా చేశారు, ఆయన పోయాక పిన్నిగారు ఫోన్ చేశారు, "ఏటి బాబూ, బీరువాలో తుపాకీ ఒకటుంది, పోలీసోళ్ళకి ఇచ్చెయ్యాలంటావా?" అని. "పిన్నిగారూ, ముందు నన్ను చూడనివ్వండి, ఎవరికీ ఇవ్వకండి, తుడవకండి" అని వెంటనే వెళ్ళాను. పాత లుంగీ గుడ్డలో చుట్టి, లోపల తోలు సంచిలో పెట్టుంది. తోలు ఆనిన వైపంతా ఎర్రగా తుప్పు చుక్కలు, రెండో వైపు మాత్రం ఫ్యాక్టరీ బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఇనుముకి వేసే నల్లనీలం పూత) నేరేడు పండు రంగులో నిగనిగలాడుతోంది. ఆవిడ అల్లుడుగారు అప్పటికే మెకానిక్‌తో మాట్లాడేశారట, నికెల్ వేయించి అద్దాల షోకేసులో పెడదామని. పైగా ఆయనకి ఇది డూప్లికేట్ అని అనుమానం, ఎందుకంటే ఇంటర్నెట్లో ఇదే పిస్టల్ మీద డయానా అని, విల్లు పారేసి తుపాకీ ఎత్తి పట్టుకున్న దేవత బొమ్మ ఉంటే, దీని మీద ఉత్త "ఒరిజినల్" అని ఉంది.

డూప్లికేట్ కాదు సరికదా, ఎక్కడ కొన్నారో చెప్పేది ఆ పేరే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డయానా పేరు, జర్మనీలో వాళ్ళ ఫ్యాక్టరీ యంత్రాలు బ్రిటన్ వాళ్ళకి పోయాయి, స్కాట్లాండ్‌లో మదర్‌వెల్ అనే ఊళ్ళో మిల్‌బ్రో కంపెనీ ఆ పేరుతో ఎయిర్ గన్స్ చేసి అమ్మింది. రాష్టాట్‌లోని అసలు జర్మన్ కంపెనీ 1950లో మళ్ళీ తయారీ మొదలెట్టినా బ్రిటన్‌లో సొంత పేరుతో అమ్ముకునే హక్కు లేక "ఒరిజినల్" అని కొట్టి పంపింది. అంటే ఇది బ్రిటన్ మార్కెట్ కోసం చేసిన పిస్టల్. భూతద్దం పెట్టి చూస్తే బాడీ పక్కన బియ్యపు గింజంత అంకెల్లో నెల, సంవత్సరం, 07 68. ఐదు భుజాల గడిలో ఎఫ్ గుర్తు ఉందా అని వెతికా, లేదు. 7.5 జౌల్స్ లోపు ఎయిర్ గన్స్‌కి జర్మనీ ఆ గుర్తు కొట్టించింది 1970 నుంచి కాబట్టి ఉండకూడదు కూడా. పిన్నిగారు లోపలికెళ్ళి ఆయన పాత సీడీసీ పుస్తకం (షిప్పుల్లో పనిచేసేవాళ్ళ ఉద్యోగ రికార్డు) తెచ్చారు, 1969లో ఆయన షిప్పు గ్లాస్గోలో ఆగినట్టు అందులో స్టాంపు ఉంది! గ్లాస్గో ఉన్నది బ్రిటన్‌లోనే. ఆ స్టాంపు చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అల్లుడుగారు నికెల్ మాట మళ్ళీ ఎత్తలేదు. బఫింగ్ కొట్టి ఉంటే ఆ 07 68 అరిగిపోయేది, ఇక ఏం చెప్పగలం?

ఇంకో సంగతి, అలాంటిది దొరగ్గానే గోడకి గురిపెట్టి పేల్చి చూడకండి. ఆ కాలం డయానాల్లో పిస్టన్ సీల్స్, అంటే గాలి తప్పించుకోకుండా పిస్టన్‌కి పెట్టే వాషర్లు, ఏళ్ళు గడిచాక వాటంతటవే మెత్తబడి పొడిపొడిగా, మైనం ముద్దలా అయిపోతాయి. సీల్ లేకుండా పేలిస్తే పిస్టన్ వెళ్ళి సిలిండర్ చివర ఇనుముని ఇనుముతో కొడుతుంది. విప్పడం కూడా అందరివల్లా కాదు, ఆ రెండు పిస్టన్ల పళ్ళు ఒక్క పన్ను తేడాగా కూర్చున్నా మళ్ళీ మొదటికే. యూట్యూబ్ చూసి విప్పేసి సంచిలో ముక్కలు పట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు ఈమధ్య.

మన ఊళ్ళో ఉప్పు గాలి సంగతి వేరే చెప్పాలా, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో కిటికీ ఊచలకి ఏటా రంగు వేయిస్తూనే ఉంటాం, అలాంటిది సన్నటి బ్లూయింగ్ ఎంత? తోలు సంచి, ఫోమ్ పెట్టె రెండూ వద్దు, తేమ పట్టి ఉంచుతాయి. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ పల్చగా గన్ ఆయిల్ తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, వానాకాలం పొట్లాలు తరచూ మారుస్తుండండి. కొబ్బరి నూనె మాత్రం రాయొద్దు, కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. మొండి తుప్పుకి నూనెలో ముంచిన సన్నటి స్టీల్ ఊలు, అదీ మెల్లగా, స్టాంపుల దగ్గరకి పోకుండా.

ఎక్కడ దొరుకుతాయంటే షాపుల్లో దొరకవు. షిప్పుల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళు, పాత షూటర్ల ఇళ్ళు, మన పోర్టు ఊళ్ళో అలాంటివాళ్ళకి కొదవ లేదు. అమ్మేవాడు "ఫలానా రాజావారిది, బ్రిటిష్ వాళ్ళ టైమ్‌ది" అంటే నమ్మకండి, వెబ్లీ సీనియర్ అనే బ్రిటిష్ ఎయిర్ పిస్టల్ అయితే 1930 నాటిది నిజంగానే ఉండొచ్చు గానీ ఫైన్‌వెర్క్‌బావ్ చూపించి రాజావారి పేరు చెప్పేవాళ్ళని చూశాను నేను. లైసెన్స్ ఉండి జర్మన్ .22 చూస్తున్నారా, ప్రూఫ్ గుర్తు (పరీక్షించాక కొట్టే ముద్ర) పక్కన రెండు అక్షరాలు ఉన్నాయేమో చూడండి, అవి సంవత్సరం చెప్తాయి, ఏ అంటే 0, బి అంటే 1, అలా కె అంటే 9, మధ్యలో జె ఉండదు. హెచ్ సి అని ఉంటే 1972. అమ్మేవాడు చెప్పిన సంవత్సరంతో అది కలవకపోతే లేచి వచ్చెయ్యండి.

పిన్నిగారి పిస్టల్‌కి సీల్స్ ఇంకా దొరకలేదు, డయానా 6 సీల్స్ లేత్ మీద చేసిచ్చే మనిషి విశాఖలో గానీ విజయనగరంలో గానీ మీకు తెలిస్తే నాకు చెప్పండి, కొలతలు నేను రాసి పెట్టుకున్నాను.